ఆఱు నదుల పంపకము



నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. ఒకనాడు నదుల పేళ్లు గల పాఠ మొకటి చెప్పుచుండగా వెనుక బల్లమీది కుఱ్ఱవాడు లేచి, "మాష్టారూ, ఒకే నది రెండు దేశములలో పాఱినచో అది యెవరి దండీ?" అని యడిగెను. సంధి నడిగినచో సూత్రము చెప్పియుందును. సమాస మడిగినచో విగ్రహవాక్యము చెప్పియుందును. ఈ ప్రశ్నకు మాత్రము "నది అందఱిదీ నాయనా" అని చెప్పి వానిని కూర్చుండబెట్టితిని. ఆ మాట వినుటకు బాగుగనే యున్నది గాని, అది జవాబు కాదు. అందఱిదియు నైన దానికే గదా తగవు వచ్చును! పదవి విరమించిన పిదపను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఈ ప్రసంగము ఆ కుఱ్ఱవానికి నేను ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

మా తండ్రిగారు శివారు రైతు. కృష్ణకాలువ చిట్టచివర మాకు రెండెకరముల మాగాణి యుండెడిది. ఎగువ యూరివారి పొలములు తడిసిన పిదప గాని మా బోదెకు నీరు దిగెడిది కాదు. నా చిన్ననాట ఒక యేడు నాట్లవేళ నీటికి కొఱత వచ్చెను. ఎగువవారు తూమున కడ్డముగా గడ్డిమోపులు వేసిరనియు, దిగువవారు రాత్రివేళ వానిని లాగివేసిరనియు తగవు పుట్టి కఱ్ఱలు లేచినవి. పెద్దలు కూర్చుండి తీర్పు చెప్పిరి. ఆ తీర్పులో ధర్మోపన్యాస మేమియు లేదు. తూమువద్ద ఎగువవా డొకడు, దిగువవా డొకడు కలిసి కూర్చుండవలెను. గుఱుతులు పెట్టిన కఱ్ఱతో నీటి లోతు కొలిచి ఒకే పుస్తకమున వ్రాసి ఇరువురును వ్రాలు చేయవలెను. ఇంతియే. మా తండ్రిగారు లాంతరు పట్టుకొని కావలికి పోవునప్పుడు నేనును వెంట పోయెడివాడను. ఎగువ యూరి యాతడును మా తండ్రిగారును పగటివేళ ఎదురుపడినను పలుకరించుకొనెడివారు కారు. రాత్రి మాత్రము ఒకే లాంతరు వెలుతురున ఆ పుస్తకముపై వంగి వ్రాయుచుండెడివారు. ఆ యేడు మా పంట పండినది.

దేశముల నడుమ నదీజలముల తగవులను గూర్చి చదివినప్పుడెల్ల నాకు ఆ పుస్తకము జ్ఞాపకమునకు వచ్చును. అట్టి తగవులలో మన దేశమునకు మిక్కిలి దగ్గఱిది సింధునదీ జలముల తగవు. దానినే నేడు మీకు మనవి చేసెదను.

సింధువును, దానితో కలియు నదులును మన ప్రాచీనులకు పరిచితములే. ఋగ్వేదములోని నదీసూక్తమున ఆ పేళ్లలో పెక్కు కలవు. నాటి వితస్తయే నేటి జీలము. అసిక్ని, లేక చంద్రభాగ, చీనాబైనది. పరుష్ణికి పిమ్మట ఇరావతి యని పేరు వచ్చి, అది రావి యైనది. విపాశ బియాసు, శతద్రువు సట్లెజు. పుత్రశోకముచే వసిష్ఠుడు పాశములతో తన్ను కట్టుకొని నదిలో దుమికెననియు, ఆ నది పాశములు విప్పి అతనిని గట్టున చేర్చుటచే విపాశ యైనదనియు ఆదిపర్వకథ చెప్పుచున్నది. కట్లు విప్పు నదికి సయితము తరువాతి కాలమున మానవుడు కట్టలు కట్టవలసి వచ్చెను.

మఱియొక పాత కథ మన విషయమునకు ఇంకను దగ్గఱిది. సుదాసుడను రాజుమీదికి పెక్కుతెగల రాజులు కూడి వచ్చి పోరిన యుద్ధమును దాశరాజ్ఞమందురు. అది పరుష్ణీతీరమున జరిగినది. ఆ శత్రువులు నదిని దారి తప్పింప యత్నించిరని ఋక్కులకు అర్థము చెప్పినవా రున్నారు. నీటిని ఆయుధముగా చేయవలెనన్న తలంపు ఎంత పాతదో చూడుడు! పరుష్ణి యనగా రావియే. మన కాలపు తగవు మొదలైనదియు ఆ రావియొడ్డుననే.

ఆంగ్లేయుల యేలుబడిలో పంజాబున కాలువల త్రవ్వకము సాగినది. గోదావరిపై కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్టను 1852లో ముగించెను. ఏడేండ్లకు, 1859లో, రావినది నుండి మాధోపురమువద్ద ఎగువ బారీదోఆబు కాలువ తెఱవబడినది. పిదప ఒక్కొక్క నదినుండి కాలువలు సాగి, బీడు నేలలు గోధుమ మళ్లయినవి. ఒక నది నీటిని మఱియొక నది క్రింది భూములకు మళ్లించిన కాలువలును కలవు. దేశ మొక్కటిగా నున్నంతకాలము ఎక్కడి తలుపు లెక్కడి పొలమునకు నీరిచ్చుచున్నవో అడుగువాడు లేడు.

1947 ఆగస్టున దేశము రెండైనది. సరిహద్దు గీత గీయుటకు నియమింపబడిన రాడ్క్లిఫ్ అను న్యాయవాది కొలది వారములలో ఆ పని ముగింపవలసి వచ్చెను. ఆ గీత పొలముల నడుమను, గ్రామముల నడుమను పోయినట్లే కాలువల నడుమను పోయెను. రావిమీది మాధోపురపు తలుపులును, సట్లెజుమీది ఫిరోజుపురపు తలుపులును భారతదేశమున నిలిచినవి. ఆ తలుపులనుండి పాఱు కాలువల చివరిభాగములు పాకిస్తానున పడినవి. తాళముచెవి ఒక యింటను, ధాన్యపుగాదె మఱియొక యింటను ఉన్నట్లయినది.

ఉభయ పంజాబుల ఇంజనీర్లును 1947 డిసెంబరున కూడి, ఎప్పటివలె నీరు పాఱనిత్తమని తాత్కాలికముగ ఒప్పుకొనిరి. ఆ ఒప్పుదల గడువు 1948 మార్చి 31తో తీరినది. క్రొత్త ఒడంబడిక లేదు. ఏప్రిలు 1న తూర్పు పంజాబు ప్రభుత్వము ఆ కాలువలకు నీరు నిలిపివేసెను. విత్తుకాలము ముందున్నది. లాహోరు ప్రాంతమున కాలువలు ఎండినవి. తమ నేల మీది నీరు తమదే యని తూర్పువారును, తరతరములుగ వాడుకొన్న నీరు తమదని పడమటివారును వాదించిరి. రెండు వాదములును న్యాయశాస్త్రమున చోటు గలవియే. కాని రైతునకు కావలసినది వాదము కాదు, తడి. కొన్ని వారములకు నీరు మఱల వదలబడెను. మే 4న ఢిల్లీలో ఉభయ ప్రభుత్వములును ఒక ఒప్పందమునకు వచ్చినవి. తూర్పు పంజాబు నీటిని హఠాత్తుగ నిలుపక క్రమక్రమముగ తగ్గించును. పడమటివారు ఆలోగా వేఱు నీటివనరులు చూచుకొనవలెను. ఇది నాటి గండము గడుపుటకు చాలినది గాని, తగవు తీర్చుటకు చాలలేదు. ఆ నెల దినముల భయము పాకిస్తాను మనస్సున నాటుకొని పోయినది.

1951లో డేవిడ్ లిలియెంతాల్ అను అమెరికా దేశస్థుడు ఈ రెండు దేశములను చూడవచ్చెను. టెనెస్సీ నదిపై జలాశయములు నిర్మించిన సంస్థకు ఆయన పూర్వము అధ్యక్షుడు. ఇచ్చట మఱియొక యుద్ధము పుట్టనున్నదని ఆయన భయపడి, ఒక పత్రికలో వ్యాసము వ్రాసెను. రాజకీయములను ప్రక్కకు పెట్టి, నదుల నన్నింటిని ఒకే కుటుంబముగ నెంచి, ఉభయ దేశముల ఇంజనీర్లును కలిసి పని చేయవలెననియు, అందులకు ప్రపంచ బ్యాంకు తోడ్పడవలెననియు ఆయన సూచన. బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ ఆ సూచనను చేపట్టెను. 1952లో వాషింగ్టనున సంప్రదింపులు మొదలైనవి.

నదుల నన్నింటిని ఒకటిగా నడుపవలెనన్న కోరిక మిక్కిలి ఉదారమైనది. కాని యిటీవలనే ఇల్లు పంచుకొన్న అన్నదమ్ములను ఒకే వంటయింట వండుకొను డన్నట్లయినది. ఉభయులును ఒప్పుకొనలేదు. 1954 ఫిబ్రవరిలో బ్యాంకు వేఱొక మార్గము చూపెను. నీటిని పంచుట మాని నదులనే పంచుడనెను. తూర్పు నదులు మూడు, అనగా రావి, బియాసు, సట్లెజు, భారతదేశమునకు. పడమటి నదులు మూడు, అనగా సింధు, జీలము, చీనాబు, పాకిస్తానునకు. దీనిమీద ఇంకను ఆఱేండ్లు బేరములు జరిగినవి. తూర్పు నదుల నీటికి బదులు పాకిస్తానునకు పడమటి నదులనుండి నీరు తెచ్చు కాలువ లెవరు త్రవ్వింతురు, సొమ్మెవరు పెట్టుదురు అన్నదే చిక్కు.

తుదకు 1960 సెప్టెంబరు 19న కరాచీ నగరమున ఒడంబడిక ముగిసినది. భారతదేశము పక్షమున ప్రధాని జవహర్లాల్ నెహ్రూ, పాకిస్తాను పక్షమున అధ్యక్షుడు అయూబ్ ఖాన్, బ్యాంకు పక్షమున ఇలిఫ్ దొర వ్రాళ్లు చేసిరి. నేను పుట్టినదియు ఆ యేటనే. కావున దానిని నా తోడిపుట్టువని నేను పరిహాసముగ చెప్పుకొనుట కలదు.

ఆ పత్రములో నేమున్నది? పండ్రెండు ప్రకరణములు, ఎనిమిది అనుబంధములు. ఒక యెకరము నేలమీద ఒక యడుగు లోతున నిలుచు నీటిని ఇంజనీర్లు ఎకరపుటడుగు అందురు. తూర్పు నదుల సాలుసరి నీరు సుమారు 3 కోట్ల 30 లక్షల ఎకరపుటడుగులు. పడమటి నదులది సుమారు 13 కోట్ల 50 లక్షలు. ఈ లెక్క చూచి ఐదు పాళ్లలో ఒక పాలే మనకు వచ్చినదని నాడు మన పార్లమెంటున అనేకులు కోపించిరి. మూడు నదులను శాశ్వతముగ పోగొట్టుకొంటిమని అచ్చటివారును కోపించిరి. పంపకమున ఇరువురును అసంతృప్తులైనచో ఆ పంపకము బహుశః సమముగనే యున్నదని మా యూరి పెద్ద లనెడివారు.

పడమటి నదులు భారతభూమి మీదుగనే పాకిస్తానునకు పోవును. కావున వానిపై మనకు కొన్ని హక్కులు మిగిలినవి. త్రాగునీటికి, నిర్ణీతమైన సాగునకు, పాఱు నీటితో విద్యుచ్ఛక్తి తీయుటకు అనుమతి కలదు. నిలువజేయుటకు 36 లక్షల ఎకరపుటడుగుల మేరకే అనుమతి. పాకిస్తాను కాలువల నిమిత్తము మన దేశము 6 కోట్ల 20 లక్షల 60 వేల పౌనులు పది సమానమైన కిస్తీలుగ చెల్లింప నొప్పుకొన్నది. తక్కిన సొమ్ము బ్యాంకును, మఱియాఱు దేశములును కూడి సమకూర్చినవి. 1965లో ఈ రెండు దేశములును యుద్ధము చేసినవి. ఆ యుద్ధకాలమునను మన కిస్తీ ఆగలేదు. ఇట్టి సంగతులు వీరగాథలలో చేరవు; కాని చేరదగినవి.

నిర్మాణములు సాగినవి. పాకిస్తానున జీలముపై మంగళా, సింధువుపై తర్బేలా జలాశయములును, నదులను కలుపు కాలువలును ఏర్పడినవి. ఇచ్చట సట్లెజుపై భాక్రా, బియాసుపై పాంగు నిలిచినవి. బియాసు, సట్లెజుల సంగమస్థానమైన హరికేనుండి బయలుదేఱిన కాలువ రాజస్థానపు ఎడారిలో పైరు చూపినది. దీనికి మూల్యమును చెప్పవలెను. మంగళా జలాశయమున పాత మీర్పూరు పట్టణము మునిగినది. భాక్రా జలాశయమున పాత బిలాసుపురము మునిగినది. సరిహద్దున కీవల నొక ఊరు, ఆవల నొక ఊరు నీటిపాలైనవి. ఆ యూళ్ల జనులు పొట్టచేత బట్టుకొని పరస్థలములకు పోయిరి. లాహోరునకు అందము తెచ్చిన రావి సంవత్సరమున చాలనెలలు సన్నగిల్లి మురుగు మోయుచున్నది. నదిని మనుష్యులకు పంచినపుడు నదికి పాలు పెట్టుట ఎవరికిని తోచలేదు.

ఇక ఈ ఒడంబడిక బ్రతికిన విధము చెప్పెదను. 1965, 1971 యుద్ధములును, 1999 కార్గిలు పోరును దీనిని చంపలేదు. ఇరుపక్షములకును స్నేహము కుదిరి యది బ్రతికినదా? కాదు. దానిలో శాశ్వత సింధు కమీషను అను నొక చిన్న యేర్పాటు కలదు. భారతదేశమున కొక కమీషనరు, పాకిస్తానున కొక కమీషనరు. ఏటేట ఒకసారియైనను కూడవలెను. ఐదేండ్ల కొకసారి నదులను కలిసి చూడవలెను. ఏ నదిలో ఏ దినమున ఎంత నీరు పాఱినదో, ఏ కాలువకు ఎంత పోయినదో లెక్కలు నెలనెల ఇచ్చి పుచ్చుకొనవలెను. 2022 మే నెలలో ఢిల్లీలో జరిగినది ఈ కమీషనుయొక్క 118వ సమావేశము. ఇరువది రాయబారములు విఫలమైన యేండ్లలోను ఈ ఇరువురును కాగితములు చేత బట్టుకొని ఎదురెదురుగ కూర్చుండిరి. మా తండ్రిగారి తూముపుస్తకమును ఇదియును వేఱు కావు.

తగవు వచ్చినచో ఎక్కవలసిన మెట్లు మూడు. మొదట కమీషనర్లు, వారివలన తీరనిచో తటస్థుడైన నిపుణుడు, అప్పటికిని తీరనిచో మధ్యవర్తుల న్యాయస్థానము. చీనాబుపై సలాలు ఆనకట్ట సంగతి ఉభయ ప్రభుత్వములును తామే మాటలాడుకొని 1978లో తీర్చుకొన్నవి. ఆ నదిమీదిదే బాగ్లిహారు విషయమున లఫీట్ అను స్విట్జర్లాండు నిపుణుడు 2007లో తీర్పు చెప్పెను. ఆనకట్ట కట్టవచ్చును గాని కొలతలు కొన్ని మార్పుడనెను. కిషన్‌గంగ విషయము న్యాయస్థానమున 2013లో తేలినది. నీరు మళ్లింపవచ్చును గాని దిగువకు సెకనునకు 9 ఘనమీటర్లైనను విడువవలెనని తీర్పు. ఓడినవాడు పూర్తిగ ఓడలేదు, గెలిచినవాడు పూర్తిగ గెలువలేదు.

అయినను లోపములను దాచుట చరిత్రకారుని పని కాదు. ఈ ఒడంబడిక పంపకమే గాని సహకారము కాదు. గోడ కట్టుటతో తగవు తగ్గినది. తోడుగ పని చేయుట మాత్రము ఎవరికిని అలవడలేదు. 1960 నాటి లెక్కలలో కరగు మంచుకొండల మాట లేదు, భూగర్భమునుండి తోడు నీటి మాట లేదు, మితిమీఱిన జనసంఖ్య మాట లేదు. ఎగువవాడు కట్టు ప్రతి కట్టడమును దిగువవాడు అనుమానించును. దిగువవాని ప్రతి యాక్షేపణమును కాలహరణమని ఎగువవా డెంచును. జమ్మూ కాశ్మీరు ప్రజలకు తమ ముంగిట పాఱు నదులపై తమకే కట్టుబాట్లేల యన్న మనస్తాపము కలదు. 2022లో ఒకే తగవునకు నిపుణుని, న్యాయస్థానమును ఏకకాలమున నియమించుటతో మెట్ల వరుసయే కలత చెందినది. 2023 జనవరిలోను, 2024 ఆగస్టులోను భారతప్రభుత్వము ఒడంబడికను సవరింప గోరుచు తాఖీదు లిచ్చెను.

అంతట 2025 ఏప్రిలు 22న పహల్‌గాములో ఉగ్రవాదులు 26 మంది నిరపరాధులను చంపిరి. విహారమునకు వచ్చినవారిని, వారివారి కుటుంబముల కన్నులయెదుట చంపిరి. మఱునాడు భారతప్రభుత్వము, సరిహద్దు దాటి వచ్చు ఉగ్రవాదమునకు పాకిస్తాను తన ఆసరాను శాశ్వతముగ వదలువఱకు ఒడంబడికను నిలిపియుంచుచున్నామని ప్రకటించెను. ఏకపక్షముగ నిలుపు హక్కు ఒడంబడికలో లేదనియు, నీటి నాపుట యుద్ధముతో సమానమనియు పాకిస్తాను పలికెను. రక్తమును నీటిని ఒకే కాలువలో పాఱింపలేమన్న దుఃఖము నేనెఱుగుదును. ఆ తల్లుల శోకమున కెదుట ఎకరపుటడుగుల లెక్క చెప్పుటకు నా నోరు రాదు. నా తోడిపుట్టువు నాతోడనే అఱువదియైదవ యేట మూలబడినదని మాత్రము అనుకొంటిని.

కాని నదులు ప్రకటనలు చదువవు. ఆ ఆగస్టు నెలలోనే హిమాలయములలో కుండపోతగ వానలు కురిసినవి. రావి, చీనాబు, సట్లెజు నదులు పొంగి రెండు పంజాబులను ముంచినవి. 1948లో ఏ మాధోపురమున నీరు నిలుపబడినదో, ఆ మాధోపురపు తలుపులలో కొన్ని వరదకు కొట్టుకొనిపోయినవి. నీరు లేదని ఏడ్చిన నేల నీరెక్కువై ఏడ్చినది. సరిహద్దున కిరువైపులను పైరు, పశువు, ఇల్లు ఒక్కటిగనే కొట్టుకొనిపోయినవి. ఆ సమయమున జమ్మూవద్ద తావినదికి వరద రానున్నదని భారతదేశము పాకిస్తానునకు ముందుగ తెలిపెను. కమీషను ద్వారమున గాదు. ఇస్లామాబాదులోని రాయబార కార్యాలయముద్వారా, మానవత్వమును బట్టి తెలిపెను.

ఈ చిన్న సంగతిని నేను పెద్దదిగ నెంచుచున్నాను. ఒడంబడిక నిలిచిపోయినను, ఎగువనున్నవాడు దిగువవానికి "నీరు వచ్చుచున్నది, జాగ్రత్త" అని చెప్పక ఉండలేకపోయెను. ఆ కేకయే ఒడంబడికకు బీజము. కాని కేక దయమీద ఆధారపడును. దయ ఒకనాడు కలుగును, ఒకనాడు కలుగదు. ఆ కేకను నెలనెల వేళకు తప్పక వేయవలెనని కట్టుబాటు చేసినదే లెక్కల పుస్తకము. రేపు ఈ రెండు దేశములు మఱల కూర్చుండినను, క్రొత్త పత్రము వ్రాసికొన్నను, పాతదాని లోపములను దిద్దుకొనవలసినదే. ఆ పుస్తకమును మాత్రము పాఱవేయరాదు. మంచుకొండ ఎంత కరగినది, ఏటిలో ఎంత పాఱినది, నేలక్రింద ఎంత మిగిలినది, ఇవి యన్నియు దానిలో క్రొత్తగ చేరవలెను.

నాయనా, నీవిపు డెక్కడ నున్నావో నే నెఱుగను. నది యెవరి దని నీవడిగితివి. ఆ ప్రశ్నకు ఎగువ యూరును, దిగువ యూరును ఒక్క జవాబు చెప్పుట నేను చూడలేదు. నేడు నీరెంత యున్నది అన్న ప్రశ్నకు మాత్రము ఇరువురును ఒక్క జవాబు వ్రాయగలరు. పగటివేళ పలుకరించుకొనని మనుష్యులు రాత్రి ఒక లాంతరు క్రింద అట్లు వ్రాయుట నేను కన్నులార చూచితిని. ఆ నీటితో పండిన యన్నమే తిని పెరిగితిని.